చక్రాల మీద కాపురం

ఇంటిని వెంటబెట్టుకొని ఊళ్ళు తిరిగే భాగ్యం నత్తకూ తాబేలుకూ మాత్రమే రాసిపెట్టి ఉన్నదని అనుకొనేవాణ్ణి. 2023 మే నెలలో పది రోజులపాటు ఆ భాగ్యం మా దంపతులకు కూడా పట్టింది. అదీ మన కోనసీమలో కాదు, ఇంగ్లండు పల్లెపట్టుల్లో. పట్టిన భాగ్యం ఊరికే పోలేదు. మా ముమ్మిడివరంలో లేవబోయిన ఒక గోడను లేవకుండా చేసింది. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది పాతకాలపు మండువా లోగిలి. నలువైపులా పెంకుల చూరు, నడుమ ఆకాశం, వానొస్తే ఇంట్లోనే జలపాతం. అందులో మా అన్నయ్య, వదిన, వాళ్ళ ముగ్గురు ఆడపిల్లలు, మేము, మా అబ్బాయి, మొన్నటిదాకా మా అమ్మ కాపురం. నాకు పెళ్ళయి ఇరవైరెండేళ్ళు. కాలేజీలో పిల్లలకు శృంగార నైషధం దగ్గరనుంచి భావకవిత్వం దాకా దాంపత్య ప్రేమను గురించి ఎన్ని పాఠాలు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఇంటి దగ్గర మాత్రం మేమిద్దరం ఒక పూటయినా ఒంటరిగా కూర్చొని మాట్లాడుకొన్న జ్ఞాపకం లేదు. అంత ఇంట్లో మా ఆవిడకు సొంతమని చెప్పదగినది వంటింటి గోడలో ఒక గూడు. అందులోనూ సగం మా వదినగారి మందుల సీసాలు.

అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడతోపాటే ఇంట్లో మాటలు కూడా పోయాయి. మండువా మధ్యగా గోడ పెట్టి పంచుకొందామని అన్నయ్య అన్నాడు. పెడితే పెట్టు, వీధివైపు భాగం నాది అని నేనన్నాను. మాటా మాటా పెరిగి, ఆరు నెలలుగా ఒకే చూరు కింద ఉంటూ పలకరింపులు మానేశాం. నేను వకీలు దగ్గరకు వెళ్ళి నోటీసు రాయించాను. సంతకం పెట్టడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే, లండన్ పక్కన ఉద్యోగం చేసుకొంటున్న మా బావమరిది ఫోను చేశాడు. "బావగారూ, వేసవి సెలవులకు అక్కయ్యను తీసుకొని రండి. మీరు ఏ హోటలులోనూ దిగనక్కర లేదు. ఇల్లే మీ కూడా వస్తుంది" అన్నాడు. టిక్కెట్లు కూడా తనే కొన్నాడు. నేను నోటీసు కాగితాన్ని పెట్టె అడుగున పంచె మడతలో దాచుకొని బయలుదేరాను. తీరిక దొరికితే మరొకసారి చదివి, దానికి ఇంకాస్త పదును పెడదామని నా ఊహ.

*

ఆ బండిని వాళ్ళు మోటార్‌హోమ్ అంటారు. మేము ఇంటిబండి అని పేరు పెట్టుకొన్నాం. పొడవు ఏడు మీటర్లు, ఎత్తు మూడు మీటర్లకు కొంచెం తక్కువ. ముందు డ్రైవరు సీటు, వెనకాల కాపురం. రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, దోసిలంత సింకు, చిన్న ఫ్రిజ్, రాత్రికి మంచంగా మారే బల్ల, బీరువాలో పట్టేటంత స్నానాలగది. నేల కింద మంచినీళ్ళ తొట్టి ఒకటి, వాడిన నీళ్ళ తొట్టి ఒకటి. గోడల నిండా పైనుంచి కింది దాకా అరలే. అర తలుపు మూసినప్పుడు టక్కుమని గొళ్ళెం పడాలి. లేకపోతే మొదటి మలుపులోనే కందిపొడి సీసా వచ్చి నెత్తిన పడుతుంది. పడింది కూడా.

మా ఆవిడ ఒక్కొక్క అరా తెరిచి మూసి, తెరిచి మూసి, "ఏమండీ, ఇవన్నీ నావేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆరోజు నవ్వాను.

మన దేశపు లైసెన్సుతో అక్కడ ఏడాది వరకూ కారు గాని, మూడున్నర టన్నులు దాటని ఇలాంటి బండి గాని నడపవచ్చు. దారి కూడా మనలాగే ఎడమవైపు. అందుచేత చట్టరీత్యా నాకు ఇబ్బంది లేదు. ఉన్న ఇబ్బందల్లా వెనకాల ఒక ఇల్లు వస్తున్నదని జ్ఞాపకం ఉంచుకోవడమే.

ఈ సరదా ఇంగ్లీషువాళ్ళకు నిన్నా మొన్నా పుట్టింది కాదు. సంచారజీవులైన జిప్సీ కుటుంబాలు గుర్రపుబళ్ళ మీద ఇళ్ళు కట్టుకొని తిరగడం అంతకుముందే ఉన్నది. కలిగినవాళ్ళకు ఆ బుద్ధి పుట్టించినవాడు గార్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళపు వైద్యుడు. 1885లో ఆయన బ్రిస్టల్‌లో ఒక ఇంటిబండి చేయించి, దానికి 'వాండరర్' అని పేరుపెట్టి, రెండు గుర్రాలను కట్టి, స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా ప్రయాణం చేశాడు. ఆయనకు ముందుగా ఒక నౌకరు మూడు చక్రాల సైకిలు మీద పోతూ, వెనక పెద్దబండి వస్తున్నదని దారినపోయేవాళ్ళను హెచ్చరించేవాడట. 1907 నాటికి ఇలాంటివాళ్ళంతా కలిసి ఒక కారవాన్ క్లబ్బే పెట్టుకొన్నారు. నాకు సైకిలు నౌకరు లేడు గాని, పక్క సీటులో మా ఆవిడ ఉన్నది. హెచ్చరికలకు ఏమీ లోటు రాలేదు.

రాత్రి మకాముకు అక్కడ ఎక్కడబడితే అక్కడ బండి ఆపకూడదు. ప్రతి గజం నేలకూ ఒక ఆసామీ ఉంటాడు, ఆయన అనుమతి కావాలి. అందుకని పల్లెల్లో రైతులు తమ పొలంలో ఒక మూల పచ్చిక కోయించి, కుళాయి పెట్టించి, క్లబ్బుల ద్వారా అనుమతి పొంది బళ్ళకు చోటిస్తారు. అలాంటి చిన్న మకాముల్లో అయిదు బళ్ళకు మించి ఉండకూడదని నియమం. గొర్రెలు ఒక పక్క, మనం ఒక పక్క. తెల్లవారి లేస్తే కిటికీలోనుంచి గొర్రె ముఖం మన ముఖంలోకి చూస్తూ ఉంటుంది.

ఈ కాపురంలో మగవాడికి ప్రత్యేకించిన పని ఒకటి ఉన్నది. మర్యాదకోసం కొంచెం చాటుగా చెబుతాను. స్నానాలగది అడుగున చక్రాలున్న ఒక పెట్టె ఉంటుంది. దాన్ని రోజుకొకసారి లాక్కొనిపోయి, మకాం చివర ఏర్పాటుచేసిన చోట ఖాళీచేసి కడిగి తెచ్చుకోవాలి. ఉదయం ఏడుగంటలకు నేను తలవంచుకొని నా పెట్టె లాక్కొనిపోయేసరికి, అక్కడ ముగ్గురు పెద్దమనుషులు తమతమ పెట్టెలతో వరుసలో నిలబడి, వాతావరణం గురించి ప్రశాంతంగా మాట్లాడుకొంటున్నారు. "గుడ్ మార్నింగ్" అన్నారు. నేనూ అన్నాను. ఒకాయన వకీలట, ఒకాయన వైద్యుడట. ఆ వరుసలో పెద్దా చిన్నా లేదు. లెక్చరరుననే గర్వం ఆ ఉదయమే ఆ పెట్టెతోపాటు కొంత ఖాళీ అయింది.

*

రెండవరోజు విల్ట్‌షైర్‌లోని డివైజెస్ అనే ఊరు చేరాము. అక్కడ చూడవలసినదేమిటో మా బావమరిది చెప్పలేదు. "మీ ఊరివాళ్ళకు నచ్చుతుంది" అని మాత్రం అన్నాడు.

ఊరి బయట ఒక గుట్ట. ఆ గుట్ట మీదికి మెట్లుమెట్లుగా ఒక కాలువ ఎక్కుతున్నది! కాలువ గుట్ట ఎక్కడమేమిటని నేను చూస్తూ ఉండగానే మా ఆవిడ, "ఏమండీ, లాకులు! మన లొల్ల లాకులే!" అని కేకవేసింది.

నిజమే, లాకులే. మన డెల్టా కాలువల మీద ఉన్నవంటివే. ఎగువ నీటికీ దిగువ నీటికీ నడుమ రెండు జతల తలుపులతో ఒక తొట్టి. పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, నీళ్ళు నింపితే పడవ పైకి తేలుతుంది. ముందు తలుపులు తీస్తే ఎగువకు పోతుంది. లొల్లలో ఆత్రేయపురం పోతూ ఆగి చూచే పని ఇది. ఇక్కడ అలాంటివి ఇరవైతొమ్మిది ఉన్నాయి. రెండు మైళ్ళలో 237 అడుగుల ఎత్తు ఎక్కిస్తాయి. పదహారు ఒకేచోట నిట్టనిలువు వరుసగా ఉంటాయి. జాన్ రెన్నీ అనే ఇంజనీరు కట్టించగా 1810లో పూర్తయింది. తరువాత రైళ్ళు వచ్చి పడవలు మూలబడ్డాయి, తలుపులు కుళ్ళిపోయాయి. ఆ కాలువ మీద ప్రేమ ఉన్నవాళ్ళు కూలిడబ్బులు ఆశించకుండా ఏళ్ళ తరబడి పూడిక తీసి, తలుపులు బిగించి బాగుచేయగా, 1990లో ఎలిజబెత్ రాణి వచ్చి మళ్ళీ ప్రారంభించింది.

నాకు మా తాత జ్ఞాపకం వచ్చాడు. ఆయన చిన్నతనంలో మా వైపు ప్రయాణమంటే కాలువల మీద గూటిపడవే. గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకొని లాగుతుంటే, పడవలో వంటలూ భోజనాలూ నిద్రలూ. పెళ్ళివారు, కచేరీలకు పోయేవారు, ధాన్యం బస్తాలు అన్నీ ఆ దారినే. ఇంటితోసహా కదిలే విద్య మా తాతలకు తెలియనిది కాదన్నమాట! రోడ్లూ బస్సులూ వచ్చాక మన పడవలూ మూలబడ్డాయి. కాలువ ఉన్నది, లాకులున్నాయి, పడవే లేదు.

ఇంతలో ఎగువకు పోవలసిన పొడుగాటి పడవలు రెండు వచ్చాయి. వాటిలో కాపురాలున్నాయి. పైన పూలకుండీలు, కట్టెల మోపు. డెబ్బై ఏళ్ళ ముసలామె ఒకతె గట్టుమీదికి దిగి, తలుపుకు బిగించిన దూలానికి వీపు ఆనించి తోస్తున్నది. మా ఆవిడ ఊరుకోలేదు. కొంగు నడుముకు బిగించి, ఆమె పక్కన తనూ వీపు ఆనించి తోసింది. తలుపు కదిలింది. రెండు పడవలూ ఒకే తొట్టిలో పక్కపక్కన ఒదిగాయి. "రెండూ కలిసి ఎక్కితే ఒక తొట్టి నీళ్ళతోనే సరిపోతుంది. విడివిడిగా ఎక్కితే రెండు తొట్లు కావాలి" అని ముసలామె చెప్పింది. మా ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఈ మాట నేను తెలిగించకముందే అర్థమయింది.

ఆ రాత్రి వంట అయ్యాక సామాన్ల జాబితా రాసుకొంటానని కాగితం అడిగింది. "పెట్టెలో చూడు" అన్నాను పరధ్యానంగా. అన్నాక గుండె జల్లుమన్నది. అప్పటికే బల్లమీద కాగితం పరుచుకొని రాస్తున్నది. వకీలుగారి నోటీసు! ఆ వైపు 'మా క్లయింటు ద్వారా తెలియజేయునది ఏమనగా', ఈ వైపు 'పాలు, ఉల్లిపాయలు, బియ్యం చిన్నసంచి, గ్యాసు చూడాలి'. ఆ కాగితం ఏమిటో ఆవిడకు తెలియకపోలేదు. ఒక్క మాట అనలేదు. రాయడం ముగించి, మడిచి, తన అరలో పెట్టుకొని టక్కుమని గొళ్ళెం వేసింది.

*

తరువాత రెండు రోజులు కాట్స్‌వోల్డ్స్ అనే ప్రాంతంలో తిరిగాము. తేనెరంగు సున్నపురాతి ఇళ్ళు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన పొలం గోడలు, తెల్లగా విరగబూసిన ముళ్ళకంచెలు. బైబరీ అనే పల్లెలో ఏటి ఒడ్డున ఒక ఇళ్ళ వరుస ఉన్నది. 1380 ప్రాంతంలో ఉన్ని కొట్టుగా కట్టారు. పదిహేడో శతాబ్దంలో నేతగాళ్ళకు ఇళ్ళుగా మార్చారు. మా ఆవిడ ఆ వరుసనంతా చూచి, "ఇన్ని ఇళ్ళకు ఒకటే కప్పు. ఎలా పంచుకొన్నారో!" అన్నది. నేను వినిపించుకోనట్లు ఫొటో తీశాను.

అక్కడ నన్ను ఆకర్షించినవి కాలిబాటలు. ఇంగ్లండు, వేల్సులలో ఇలాంటి హక్కుదారులు సుమారు 1,40,000 మైళ్ళు ఉన్నాయి. బాట ఎవరి పొలంలోగుండా పోయినా సరే, ఎవరైనా నడవవచ్చు. నేల రైతుది, నడక లోకానిది. రైతు గేటు పెట్టుకోవచ్చు గాని బాట మూయకూడదు. నడిచేవాడు గేటు తీసినట్టే వేసి పోవాలి. మా వైపు కొబ్బరితోటల్లో కూడా ఇలాంటి అడ్డదారులు ఉండేవి. కంచెలు లేచినకొద్దీ ఒక్కొక్కటే మూసుకుపోయాయి.

అప్పటికి మూడవ చార్లెస్ రాజుకు పట్టాభిషేకమై రెండు మూడు వారాలు కాలేదు. అది మే 6న జరిగింది. పల్లెల్లో రంగు తోరణాలు ఇంకా వేలాడుతున్నాయి. అవి చూచినప్పుడు నాకు మా లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు జ్ఞాపకం వచ్చారు. దారినపోయే బాటసారులకు రాత్రీ పగలూ లేకుండా అన్నంపెట్టిన ఇల్లాలు. 1909లో కాలం చేసింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకకు ఆవిడ ఫొటో తెప్పించుకొన్నారని మా ప్రాంతంలో ఇంటింటా చెప్పుకొంటారు. పక్కబండివాళ్ళకు మా ఆవిడ ఆ కథంతా నాచేత చెప్పించి, ఆత్రేయపురం మామిడితాండ్ర తలొక ముక్కా పెట్టింది. వాళ్ళు అంతకుముందు రెండు రోజులూ గుడ్ మార్నింగ్ దాటి మాట్లాడలేదు. తాండ్ర నోట్లో కరిగేసరికి మాటలూ కరిగాయి. వెళ్ళేముందు ఆ ఇంటాయన మా నీళ్ళగొట్టం కారుతుంటే తన పనిముట్లు తెచ్చి బిగించిపెట్టాడు.

*

ఆరవరోజున ఉత్తరాన సరస్సుల సీమకు చేరాము. గ్రాస్‌మియర్ అన్న ఊళ్ళో వర్డ్స్‌వర్త్ కాపురమున్న డవ్ కాటేజీ ఉన్నది. 1799 చివరనుంచి 1808 దాకా ఆయన అక్కడ ఉన్నాడు. మొదట చెల్లెలు డొరొతీ, 1802లో పెళ్ళయ్యాక భార్య మేరీ, పిల్లలు, వచ్చిపోయే మిత్రులు. లోపలికి పోయి చూస్తే ఎంత చిన్న ఇల్లనీ! చిన్న కిటికీలు, పలకరాతి నేల, చీకటి గదులు. మా మండువా ఒక్కటే ఆ ఇంటికన్నా పెద్దదనిపించింది. అంత కవిత్వం ఇంత ఇంట్లో ఎలా పట్టిందా అనుకొన్నాను.

భావకవిత్వం పాఠం మొదలుపెట్టినప్పుడల్లా ఈ కవి పేరు చెప్పడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఆయన డాఫడిల్ పూల పద్యం సంగతి మా ఆవిడకు చెప్పాను. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ పూలు చూచారు. డొరొతీ తన దినచర్యలో ముందు రాసుకొన్నది. ఆయన పద్యం తరువాత వచ్చింది, 1807లో అచ్చయింది. అందులో అన్నిటికన్నా మంచి పాదాలు రెండూ తన భార్య మేరీవని కవే చెప్పుకొన్నాడు.

మా ఆవిడ కాసేపు ఊరుకొని, "ఈ సంగతి మీ పిల్లలకు చెబుతారా?" అని అడిగింది.

"ఏ సంగతి?"

"ఆ రెండు పాదాలూ ఆవిడవని."

ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. పరీక్షలో రాని సంగతి గదా!

ఆ సాయంకాలం మకాముకు పోతూ ఉండగా జరిగింది అసలు కథ. సరస్సుల సీమలో లోతట్టు దారులు ఒక్క బండి వెడల్పే ఉంటాయి. రెండువైపులా నడుమెత్తు రాతిగోడలు. అక్కడక్కడ దారి కొంచెం ఉబ్బి, ఒక బండి ఒదిగి నిలవడానికి చోటుంటుంది. ఎదురుపడ్డ రెండు బళ్ళలో ఏది ఆ చోటుకు దగ్గరగా ఉంటే అది వెనక్కి పోయి ఒదగాలి. రెండవది దాటిపోతూ చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పాలి. ఇంతే నియమం.

మలుపు తిరిగేసరికి ఎదురుగా ట్రాక్టరు. దాని వెనక గొర్రెలతో నిండిన ట్రెయిలరు. ఒదిగే చోటు నా వెనక ఇరవై గజాల్లో ఉన్నది. అద్దంలో కనిపిస్తూనే ఉన్నది. కాని నేను కదలలేదు. ఇల్లంత బండిని ఆ గోడల నడుమ వెనక్కి నడపడం నాకు భయం. ఆ భయం బయటికి అనలేక దానికి పౌరుషమని పేరు పెట్టుకొన్నాను. "ముందు వచ్చింది మనం. వాడే వెనక్కి పోవాలి" అన్నాను.

ట్రాక్టరు మనిషి హారను కొట్టలేదు. ఇంజను ఆపి, కూర్చొని, కొండవైపు చూస్తున్నాడు. గొర్రెలు మాత్రం అరుస్తున్నాయి.

మా ఆవిడ మెల్లిగా అన్నది: "మీ తాతగారు చెప్పేవారని నాకు నూరుసార్లు చెప్పారు. గట్టుమీద రెండు ఎడ్లబళ్ళు ఎదురుపడితే ఎవరు దిగాలన్నారు?"

నేను జవాబు చెప్పలేదు. జవాబు ఇద్దరికీ తెలుసు. ఖాళీబండి దిగాలి. నిండుబండికి దారి.

ఆవిడ తలుపు తీసుకొని దిగింది. వెనక్కి పోయి గోడపక్కన నిలబడి, "రండి... రండి... కొంచెం కుడికి... ఆఁ, చాలు" అంటూ చెయ్యి ఊపింది. నేను చెమటలు కక్కుతూ, అంగుళం అంగుళం వెనక్కి పోయి ఒదిగాను. ట్రాక్టరు దాటింది. ఆ రైతు చక్రం మీదనుంచి ఒక్క వేలు ఎత్తి, చిరునవ్వు నవ్వి పోయాడు. నేను ఓడిపోయినట్టు ఆ నవ్వులో ఎక్కడా లేదు. దారి మళ్ళీ ఖాళీ అయింది. అంతే.

ఉత్తరాన మే నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు పోదు. మకాములో తలుపు తీసిపెట్టుకొని, పప్పూ అన్నం తిన్నాక, ఆవిడ తన అర తీసి ఆ మడత కాగితం నా ముందు పెట్టింది.

"సామాన్లు కొనడం అయిపోయింది. దీన్ని ఏం చేద్దామంటారు?"

నేను కాగితం వైపు చూడలేదు.

"అక్కయ్యకు మోకాళ్ళు వంగవు. ముగ్గురు ఆడపిల్లలు, ఒక్కదానికీ పెళ్ళి కాలేదు. కొబ్బరికాయ ధర ఒక ఏడు ఉంటే ఒక ఏడు ఉండదు. మనకు నెలకు జీతం వస్తుంది, ఒక్కడే పిల్లవాడు. మన రెండు బళ్ళలో నిండుబండి ఎవరిదండీ?"

ఆవిడ చెప్పనిది ఇంకొకటి ఉన్నది, అది నాకే తెలుసు. నాన్న పోయిననాడు చదువు మానుకొని తోటలో దిగినవాడు అన్నయ్య. నేను వాల్తేరులో ఎం.ఏ. చదివింది ఆ కాయల డబ్బుతో. అమ్మ మంచానపడ్డ నాలుగేళ్ళూ ఆవిడను ఎత్తి దింపినవాడూ అన్నయ్యే. నోటీసులో ఈ సంగతులేవీ వకీలుగారు రాయలేదు. నేను చెబితే గదా!

"నీకు వీధివైపు గదులు వద్దా?" అని అడిగాను.

"నాకు గదులెందుకండీ! టక్కుమని మూసుకొనే అర ఒకటి ఉంటే చాలు" అన్నది. ఇది నవ్వే సంగతి కాదని మొదటిరోజున నాకు తెలియలేదు.

*

తొమ్మిదవరోజు లండన్‌కు దక్షిణాన సర్రేలో ఉన్న డార్కింగ్ అనే ఊరికి వచ్చాము. గోదావరి మనిషి ఇంగ్లండు వెళ్ళి డార్కింగ్ చూడకుండా వస్తే కాలువగట్టున తలెత్తుకోలేడు. సర్ ఆర్థర్ కాటన్ చివరిరోజులు గడిపింది అక్కడే. 1803లో పుట్టి, తొంభైయారేళ్ళు బతికి, 1899 జూలై 24న పోయాడు. సమాధి ఆ ఊరి శ్మశానవాటికలో ఉన్నది.

కాటన్ రాకముందు మా డెల్టా ఒక ఏడు వరదకు మునిగి, ఒక ఏడు ఎండకు మాడేది. 1830ల నాటి కరువులూ, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనా పెద్దలు చెప్పుకొనే కథల్లో ఇంకా ఉన్నాయి. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తిచేశాడు. తరువాత ఆ స్థానంలో వచ్చిన బ్యారేజీ ఆయన పేరే పెట్టుకొన్నది. ఈనాడు దాని కింద సుమారు పదిలక్షల ఎకరాలు సాగవుతున్నాయి. కంపెనీవారు పుణ్యానికి కట్టించలేదు, శిస్తు పెరుగుతుందనే కట్టించారు. ఆ సంగతి తెలిసే మా పెద్దలు ఆయన్ను దొరలందరిలోనుంచి విడదీసి తలచుకొన్నారు. కాలువ నీటితోపాటు పడవ కూడా నడవాలని పట్టుబట్టినవాడు ఆయన. డివైజెస్‌లో మా ఆవిడ తోసిన తలుపుకూ, మా లాకుల తలుపుకూ ఉన్న చుట్టరికం ఇదే.

సమాధి నిరాడంబరంగా ఉన్నది. చుట్టూ గడ్డి, చెట్లు, పిట్టల అరుపులు. మాలాగే అప్పుడప్పుడు తెలుగువాళ్ళు వచ్చి పూలు పెట్టి పోతుంటారు. మా ఆవిడ గులాబీలు ఉంచి దణ్ణం పెట్టింది. నేను పక్కకు వచ్చి అన్నయ్యకు ఫోను చేశాను. ఆరు నెలల తరువాత మొదటి మాట.

"ఏరా, ఏమయింది?" గొంతులో కంగారు.

"ఏమీ కాలేదు అన్నయ్యా. కాటన్ దొర సమాధి దగ్గరున్నాం."

కాసేపు చప్పుడు లేదు. తరువాత, "కాలువలు కట్టేసి ఉన్నాయిరా. జూను వస్తేగాని నీళ్ళు వదలరు. మొక్కలు ఎండుతున్నాయి. నేను అడిగానని దొరగారితో చెప్పు" అన్నాడు.

నవ్వు వచ్చింది. నవ్వుతో ఇంకేదో కూడా వచ్చి గొంతుకు అడ్డంపడింది. "గోడ వద్దు అన్నయ్యా. ఇల్లంతా నువ్వే ఉంచుకో. పెరటివైపు జాగాలో నేను రెండు గదులు వేసుకొంటాను" అన్నాను.

"ఫోనులో ఇవేం మాటలురా! ముందు ఇంటికి రా. మీ వదిన ఆవకాయ పెట్టింది. మీ జాడీ వేరే కట్టి ఉంచింది."

*

ఇప్పుడు మా మండువాలో గోడ లేదు. వానొస్తే పిల్లలు పాతరోజుల్లోలాగే చూరునీళ్ళకింద తడుస్తున్నారు. పెరట్లో, కొబ్బరిచెట్ల నడుమ, మాకు రెండు గదులు లేచాయి. వడ్రంగి అరలు బిగిస్తుంటే మా ఆవిడ దగ్గర నిలబడి కొలతలు చెప్పింది. ప్రతి తలుపూ టక్కుమని మూసుకోవాలన్నది. ఆయన విసుక్కొన్నాడు గాని చివరకు పడేటట్టే బిగించాడు. వదినగారి మందుల సీసాలు వంటింటి గూట్లో ఇప్పుడు కాళ్ళుచాపుకొని ఉన్నాయి. మధ్యాహ్నం పూట ఆవిడే మెల్లిగా నడిచి మా గదికి వచ్చి కూర్చొంటుంది.

ఈ ఏడు వర్డ్స్‌వర్త్ పేరు చెప్పినప్పుడు, ఆ రెండు పాదాలూ ఎవరివో పిల్లలకు చెప్పాను. పరీక్షకు వస్తుందా సార్ అని ఒకడు అడిగాడు. జీవితంలో వస్తుంది అన్నాను.

నోటీసు ఏమయిందని పాఠకులు అడగవచ్చు. అది మా ఆవిడ అరలోనే ఉన్నది. సంతకం లేదు. వెనకవైపు పాలు, ఉల్లిపాయలు, బియ్యం చిన్నసంచి అన్నిటికీ సరుకు చేరినట్టు టిక్కులు పెట్టి ఉన్నాయి.